ఏడాది గింజలు: ముందుచూపా, పోగుచేయడమా?

వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో ఆటోల మీద, ట్రాలీల మీద బియ్యం బస్తాలు వచ్చి ఇళ్ల ముందు దిగుతుంటాయి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి ఎడమ కాలువ కింది ఈ ప్రాంతం వరిసీమగా మారింది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణమైంది. పంట కాలంలో సూర్యాపేట మార్కెట్ యార్డు వడ్ల రాశులతో నిండిపోతుంది. ఇలాంటి చోట ఏడాదికి సరిపడా బియ్యం ఒకేసారి కొనిపెట్టుకోవడం సంసారం తెలిసినవారు చేసే పనే. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది. కొన్ని నెలలు నిలవ ఉన్న బియ్యం పొడిపొడిగా వస్తుంది. సంక్రాంతి దాటాక కందిపప్పు, ఎండలు ముదిరేలోపు కొత్త చింతపండు, ఎండుమిర్చి, పసుపు, ఆ తర్వాత పచ్చళ్లు. చాలామంది గృహిణులకు ఏడాది ఈ వరుసలోనే నడుస్తుంది.

ఈ అలవాటు గురించి మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "ఉపాధి ప్రదాత అల్లాహ్ అయినప్పుడు రేపటి కోసం గింజలు దాచుకోవడం దేనికి? ఇది తవక్కుల్‌కు, అంటే దైవం మీద పెట్టుకోవలసిన భరోసాకు విరుద్ధం కాదా?" అని కొందరు అడుగుతారు. "నా డబ్బు, నా ఇల్లు. ఎన్ని బస్తాలు తెచ్చుకుంటే ఎవరికేం?" అని మరికొందరు అంటారు. మొదటి మాటలో భక్తి ఉన్నట్లు కనిపిస్తుంది. రెండో మాటలో లోకజ్ఞానం ఉన్నట్లు కనిపిస్తుంది. షరీఅత్ ఈ రెంటినీ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో గ్రహిస్తే, వంటింటి అర కూడా అల్లాహ్ ముందు లెక్క చెప్పవలసిన చోటేనని మనకు తెలుస్తుంది.

దైవప్రవక్త (స) ఇంట తిండిగింజలు

బనూ నజీర్ తెగవారు మదీనా విడిచి వెళ్లిన తర్వాత వారి తోటలు దైవప్రవక్త (స) ఆధీనంలోకి వచ్చాయి. ఆ తోటల రాబడి నుంచి ఆయన తన కుటుంబానికి ఏడాదికి సరిపడా ఆహారం తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తవక్కుల్‌లో దైవప్రవక్త (స)ను మించినవారు మానవజాతిలో లేరు. మరి ఆయనే ఏడాది ఆహారం తీసి ఉంచినప్పుడు, ఇంట్లో గింజలు ఉండటమే తవక్కుల్‌కు విరుద్ధమనే వాదన నిలబడదు.

పక్షుల ఉపమానాన్ని కొందరు ఇక్కడ తప్పుగా వాడుతుంటారు. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వస్తాయని, అల్లాహ్ మీద సరైన భరోసా ఉంటే మనుషులకూ అలాగే ఉపాధి దొరుకుతుందని దైవప్రవక్త (స) బోధించారు. గమనించండి, ఆ పక్షి గూట్లో కూర్చుని ఉండలేదు. గూడు విడిచి వెళ్లింది. ఒంటెను కట్టేసి ఆపైన భరోసా ఉంచమని ఒక పల్లెవాసికి చేసిన ఉపదేశం కూడా ఇదే చెబుతుంది. సాధనాలను చేపట్టడం దాసుని బాధ్యత, ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది.

యూసుఫ్ (అలై) వృత్తాంతం ఇంతకంటే పెద్ద పాఠం. ఏడేళ్లు వరసగా సేద్యం చేసి, తినేందుకు కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగిలినదంతా వెన్నుల్లోనే ఉంచమని ఆయన చెప్పినట్లు దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. పొట్టులో ఉన్న గింజకు పురుగు త్వరగా పట్టదు. మన పల్లెల్లో పాతకాలపు రైతులు గాదెల్లో, గుమ్ముల్లో వడ్లు పోసుకుని అవసరమైనప్పుడల్లా కాసిన్ని మర పట్టించుకోవడంలో ఉన్న తెలివి అదే. అయితే యూసుఫ్ (అలై) నిలవ చేయించింది తన ఇంటి కోసం కాదు. కరవు వచ్చినప్పుడు ఆ ధాన్యం దేశ ప్రజలకే గాక, కనాన్ నుంచి వచ్చిన పరాయివారికి కూడా కొలతల ప్రకారం అందింది. తనను బావిలో పడేసిన అన్నలు సైతం ఆ గింజలే తీసుకెళ్లారు.

దైవప్రవక్త (స) ఇంటి విషయంలో మరో హదీసు ఉంది. ఆయన పరమపదించేనాటికి ఆయన కవచం ముప్ఫై సాల బార్లీ కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఏడాది ఆహారం తీసి ఉంచే ఇంట్లో బార్లీ కోసం తాకట్టు ఎందుకు వచ్చింది? దీనికి ధర్మవేత్తలు ఇచ్చిన వివరణ ఆలోచించదగినది. ఆయన తీసి ఉంచేవారు, కానీ అతిథి వచ్చినా, ఆకలిగొన్నవాడు వచ్చినా అందులోంచే ఇచ్చేవారు. ఏడాది పూర్తి కాకముందే అది అయిపోయేది. అంటే తీసి ఉంచడమూ సున్నతే, తీసి ఇవ్వడమూ సున్నతే. మనలో చాలామంది మొదటి సున్నత్‌ను బాగా నేర్చుకున్నారు.

బజారును చూసి బస్తా

ఇప్పుడు రెండో మాటకు వద్దాం. "నా డబ్బు, నా ఇల్లు" అన్నవారికి ఎక్కడ అడ్డు చెప్పాలి? పాపాత్ముడు తప్ప మరొకరు ఇహ్తికార్‌కు పాల్పడరని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ మఅమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఇహ్తికార్ అంటే ధర పెరగాలనే ఆశతో ప్రజల ఆహారాన్ని కొని బజారుకు రాకుండా ఆపిపెట్టడం. మన మదర్సాల్లో బోధించే హిదాయా గ్రంథంలో దీనికొక షరతు ఉంది. ఆ ఆపడం వల్ల ఊరివారికి హాని కలగాలి. తన సొంత పొలం పంటను ఇంట్లో ఉంచుకున్న రైతు ఈ నింద కిందికి రాడని కూడా అందులో ఉంది. తిండిగింజలు, పశుగ్రాసం వరకే ఇది వర్తిస్తుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అంటే, ఏ వస్తువును ఆపినా ప్రజలకు హాని జరిగితే అది ఇహ్తికారేనని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అన్నారు.

ఇదంతా వ్యాపారి గురించి. మరి అమ్మే ఉద్దేశం లేకుండా పిల్లల కోసం కొనే గృహస్థు సంగతేమిటి? పైన చెప్పిన బనూ నజీర్ హదీసుకు వ్యాఖ్యానం రాస్తూ ఇమామ్ నవవీ (రహ్మ) ఈ ప్రశ్నకే సమాధానమిచ్చారు. బజారులో సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు గృహస్థు ఏడాదికి సరిపడా కొనుక్కోవచ్చు. సరుకు కొరతగా ఉన్నప్పుడు అలా కొనడం ధర్మసమ్మతం కాదు. తోటివారికి ఇబ్బంది కలగనంత, అంటే కొద్ది రోజులకో, నెలకో సరిపడేంత మాత్రమే కొనాలి.

ఈ తీర్పులోని లోతును గమనించండి. కొనేది అదే మనిషి, తినేది అదే కుటుంబం, బస్తా అదే బస్తా. వాకిలి బయట బజారు మారగానే ధర్మాదేశం మారిపోయింది. ఇంట్లో ఎంత ఉందనేది మాత్రమే చూసి మంచిచెడ్డలు తేల్చలేం. ఆ బస్తా ఇంటికి వచ్చిన రోజున బయట ఎవరి చేతులు ఖాళీగా ఉన్నాయో కూడా చూడాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వార్త రాగానే మన పట్టణాల కిరాణా దుకాణాల ముందు జనం ఎలా ఎగబడ్డారో అందరికీ గుర్తే. అంతకుముందు 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరినప్పుడు ప్రభుత్వాలు నిలవల మీద పరిమితులు పెట్టి గోదాముల మీద దాడులు చేయవలసి వచ్చింది. 2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ కబురు చేరగానే అమెరికాలో మన తెలుగువారు సోనా మసూరి కోసం ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరారు. ఒక్కొక్కరు అనేక బస్తాలు బండ్లలో వేసుకున్నారు. ధరలు పెరిగాయి. కుటుంబానికి ఒకటే బస్తా అని కొన్ని దుకాణాలవారు కాగితాలు అంటించవలసి వచ్చింది. ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబరులో ఎత్తివేశారు. ఈలోగా అక్కడ అన్నం లేక ఎవరూ పస్తు ఉండలేదు. చదువు, సంపాదన, వేరే ధాన్యాలు అన్నీ ఉన్నవారే అంత కంగారు పడ్డారంటే, భయం ఎవరినీ వదలదని తెలుస్తోంది.

"నేను అదనంగా కొన్న ఒక్క బస్తాతో లోకానికి కరవు వస్తుందా?" అని అడగవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. దుకాణంలో 40 బస్తాలు ఉన్నాయి. ఇంటికి ఒకటి చొప్పున తీసుకుంటే 40 ఇళ్లకు సరిపోతాయి. తలా నాలుగు తీసుకుంటే మొదటి 10 ఇళ్లతో సరి. ఆ పది ఇళ్లవారు రోజూ తినేదానికంటే ఒక్క ముద్ద కూడా ఎక్కువ తినరు. కానీ 30 ఇళ్లవారు ఉత్త చేతులతో తిరిగి వెళ్తారు. పదిమందిలో ఏ ఒక్కరూ నేరం చేసినట్లు అనుకోరు. ముప్ఫైమందికి మాత్రం అన్యాయం జరిగిపోయింది.

"పిల్లల ఆకలికి భయపడిన తల్లిని పాపాత్మురాలు అంటారా?" అని కూడా అడగవచ్చు. అనము. భయం మానవ సహజం. అందుకే ధర్మం ఆ తల్లిని ఉత్త చేతులతో తిరిగి వెళ్లమనలేదు, నెలకు సరిపడా కొనుక్కునే అవకాశం ఇచ్చింది. అదే వరుసలో వెనక నిలబడిన మరో తల్లికి కూడా పిల్లలున్నారని గుర్తు చేసింది, అంతే.

నిలవ పెట్టుకోలేని ఇల్లు

ఈ సందర్భంలో మనం సాధారణంగా మరచిపోయే ఒక సంగతి ఉంది. ఏడాది గింజలు కొనాలంటే చేతిలో ఒకేసారి డబ్బు ఉండాలి, పెట్టుకునేందుకు తడి తగలని చోటు ఉండాలి. మిల్లులో వందల బస్తాలు మోసే హమాలీకి ఈ రెండూ ఉండవు. సాయంత్రం కూలి చేతికి వచ్చాక కిలో బియ్యం, పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్ కొనుక్కుని ఇంటికి వెళ్తాడు. చిల్లరగా కొనేవాడికి కిలో ధర ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. పని దొరకని రోజున ఉద్దెర. బియ్యం బస్తాను మన ఇంట్లో దించినవాడే మనకంటే ఎక్కువ ధరకు బియ్యం తింటున్నాడు.

ప్రజా పంపిణీ బియ్యం ఇలాంటి ఇళ్లకు పెద్ద ఆసరా. 2025 మార్చి 30న, ఉగాది నాడు, సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం రేషన్ దుకాణాల ద్వారా మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. ఆ ఏడాది జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చారు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. ఒంటిగది ఇంట్లో, వానాకాలంలో, అంత బియ్యాన్ని ఎక్కడ దాచాలన్నది ఆ ఇల్లాలికి నిజమైన సమస్యే. కాబట్టి నిలవ చేయగలగడం కూడా ఒక నేమత్, ఒక వరం. ఇంటి వాడకం కోసం ఉంచుకున్న గింజల మీద జకాత్ లేదు, అది కనీస అవసరాల కిందికి వస్తుంది. జకాత్ లేదన్నంత మాత్రాన అందులో ఎవరికీ హక్కు లేదని అర్థం కాదు. టోకున కొన్నందువల్ల మనకు మిగిలిన నాలుగు రూపాయల్లో చిల్లరగా కొనేవాడికి కాస్త భాగం ఉంచితే ఆ మిగులుకు బర్కత్ ఉంటుంది.

సర్దుకోవడంలో ధర్మం

గింజలు ధర్మబద్ధంగా ఇంటికి వచ్చాయి. ఇక వాటిని కాపాడటం మన బాధ్యత. రాత్రివేళ పాత్రల మీద మూతలు పెట్టమని, నీటి తిత్తుల మూతులు కట్టమని, ఆ సమయంలో అల్లాహ్ నామం తలచుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. వంటింటి శుభ్రత గురించి ఇంతకన్నా తేలికైన పాఠం ఏముంటుంది?

కొలత గురించి రెండు హదీసులు ఉన్నాయి. ఆహారాన్ని కొలిస్తే అందులో శుభం కలుగుతుందని ఒకటి చెబుతుంది. మరోదానిలో, దైవప్రవక్త (స) పరమపదించిన తర్వాత తన ఇంటి అర మీద కొంచెం బార్లీ ఉండేదని, చాలాకాలం అందులోంచి తిన్నానని, ఒకరోజు కొలిచాక అది అయిపోయిందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చదవగానే రెంటికీ పొసగదనిపిస్తుంది. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు కొలత తప్పనిసరి, అది ఒకరి హక్కు మరొకరికి పోకుండా కాపాడుతుంది. దైవం ఇచ్చిన దానిలోంచి ఖర్చు పెట్టేటప్పుడు మాత్రం ఇంకా ఎంత మిగిలిందోనని మాటిమాటికీ తడిమి చూసుకోవడం మంచిది కాదు. ధర్మవేత్తలు ఇలా సమన్వయం చేశారు. మన గృహిణులు సోలతో, గిద్దెతో బియ్యం కొలిచి ఎసట్లో పోయడం వృథాను ఆపుతుంది, అది మంచిదే. పొరుగామె గ్లాసుతో వచ్చినప్పుడు డబ్బా అడుగు చూసుకోవడం వేరు.

వృథా, అంటే ఇస్రాఫ్, నిలవ చేసే ఇంట్లోనే ఎక్కువగా జరుగుతుంది. కొని మరచిపోయిన శనగపప్పు, రెండు రంజాన్ల కిందటి సేమియా, ముక్కపురుగు పట్టిన గోధుమపిండి. అందుకే పెద్దలు చెప్పిన పద్ధతులు పాటించాలి. బస్తాను నేల మీద కాకుండా చెక్క మీద, గోడకు ఆనకుండా పెట్టాలి. పప్పులను ఎండలో ఆరబోసి చల్లారాక డబ్బాకెత్తాలి. కందిపప్పుకు కాస్త ఆముదం పట్టిస్తే, బియ్యంలో ఎండిన వేపాకు వేస్తే పురుగు తగ్గుతుంది. చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి జాడీలో అణచాలి. కొత్త సరుకు వెనక, పాత సరుకు ముందు ఉండాలి. డబ్బా మీద కొన్న నెల రాసిపెట్టాలి. తడి చేత్తో ఉప్పు, పచ్చడి ముట్టుకోకూడదు. పిండి నెలకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. ఇవి చిన్న విషయాలని తేలిగ్గా తీసుకోవద్దు. పురుగు పాలైన ప్రతి గింజ ఎవరో ఒకరి ఆకలి తీర్చవలసిన గింజ.

ఇక్కడ ఒక చెడు అలవాటు గురించి చెప్పక తప్పదు. అడుగున మిగిలిన పురుగు పట్టిన బియ్యం, ముక్కిపోయిన పప్పు ఇంట్లో పనిచేసే ఆమెకు మూటగట్టి ఇచ్చి, దాన్ని సదకా అనుకునేవారున్నారు. మదీనాలో ఖర్జూరాల కోతలప్పుడు పేదల కోసం మస్జిదులో గెలలు వేలాడదీసేవారు. కొందరు నాసిరకం గెలలు తెచ్చి వేలాడదీశారు. అప్పుడే, మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప పుచ్చుకోలేని వస్తువులను దైవమార్గంలో ఇవ్వవద్దని అర్థం వచ్చే ఆయత్ అవతరించింది. ఇవ్వదలచుకుంటే బస్తా విప్పిన రోజునే ఒక డబ్బా బియ్యం తీసి పక్కన పెట్టండి.

మూత తెరిచే చేయి

ఒక ఏడాది ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు. మరుసటి ఏడాది సహాబాలు అడిగితే, తినమని, తినిపించమని, నిలవ కూడా చేసుకోమని అనుమతించారు. ఆ ముందటి ఏడాది ప్రజలు కష్టంలో ఉన్నారని, వారికి సాయం అందాలనే అలా చెప్పానని కారణం కూడా వివరించారు. బక్రీదు మర్నాటికే నిండిపోయే మన ఫ్రిజ్‌ల ముందు ఈ హదీసును గుర్తు చేసుకోవాలి. అనుమతి ఉంది, అందులో సందేహం లేదు. కానీ మన వీధిలో ఎవరు కష్టంలో ఉన్నారో తెలుసుకోకుండా ఆ అనుమతిని వాడుకుంటే, దానికి చెప్పిన కారణాన్ని మరచిపోయినట్లే.

యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారిని దైవప్రవక్త (స) ఎంతో మెచ్చుకున్నారు. ప్రయాణంలో గానీ, ఊళ్లో గానీ ఆహారం తరిగిపోతే వారు ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే గిన్నెతో సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడిని అనే భావంతో ఆయన వారిని తనతో కలుపుకున్నారు. ఖలీఫా ఉమర్ (రజి) కాలంలో హిజ్రీ 18లో తీవ్రమైన కరవు వచ్చింది. వర్షాలు పడి ఆ కష్టం తీరాక ఆయన ఒక మాట చెప్పారు. కరవు తొలగకపోయి ఉంటే, తిండి ఉన్న ప్రతి ఇంటికీ ఆ ఇంట్లో ఎందరున్నారో అంతమంది పేదలను పంపేవారట. ఒకరి తిండిని ఇద్దరు తింటే ఎవరూ చావరన్నది ఆయన లెక్క. మన అరల్లోని గింజలు ఎంతమందివో నిర్ణయించే అధికారం కష్టకాలంలో మన చేతి నుంచి జారిపోగలదని ఆ మాట అర్థం.

అంత పెద్ద త్యాగం మనల్ని ఎవరూ అడగడం లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని మాఊన్ సూరాలో చిన్న చిన్న వాడుక వస్తువులను సైతం ఇవ్వనివారిని అల్లాహ్ ఖండించాడు. మాఊన్ అంటే గొడ్డలి, వంటపాత్ర, బొక్కెన లాంటి, జనం ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే వస్తువులని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. నమాజు పట్ల అశ్రద్ధ చూపేవారిని హెచ్చరించిన ఆ సూరాలోనే ఇది కూడా ఉండటం చిన్న విషయం కాదు. గ్లాసెడు చక్కెర, గుప్పెడు చింతపండు, చారెడు ఉప్పు అడగడానికి పొరుగువారు మన తలుపు తట్టగలుగుతున్నారా? ఆ పొరుగువారు ముస్లింలైనా, హిందువులైనా, క్రైస్తవులైనా పొరుగు హక్కు ఉంది. వారు సంకోచం లేకుండా తట్టగలిగితే ఆ ఇంటి నిలవ ముందుచూపు. వారు వెనకాడుతుంటే ఆ ఇంట్లో ఎంత తక్కువ ఉన్నా అది పోగుచేయడమే.

కనుక ప్రియ సోదర సోదరీమణులారా! సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు కొనండి, కొరత వార్త వినగానే చేయి వెనక్కు తీసుకోండి. కొన్నదాన్ని పాడు కానివ్వకండి. ఇచ్చేది మంచిది ఇవ్వండి. బస్తా విప్పేటప్పుడు బిస్మిల్లాహ్ అనండి, దాన్ని మోసుకొచ్చిన హమాలీ పేరు, అతని ఇంటి పరిస్థితి ఒక్కసారి అడగండి. రేపు ప్రళయదినాన మనకు లభించిన వరాల గురించి ప్రశ్నించడం జరుగుతుందని ఖుర్ఆన్ హెచ్చరించింది. వంటింట్లోని ప్రతి డబ్బా ఆ ప్రశ్నల జాబితాలో ఉంటుంది.

అల్లాహ్ మన ఇళ్లలో బర్కత్‌ను, మన హృదయాల్లో విశాలతను ప్రసాదించుగాక! మన ఉపాధిని హలాల్‌గా ఉంచి, అందులో ఇతరుల హక్కును గుర్తించే సద్బుద్ధిని అనుగ్రహించుగాక! ఆమీన్.